మూటయు, చీటియు

పూర్వకాలపు శతక గ్రంథములను తెఱచి చూచినచో ఒక వింత కనబడును. మొదటి పద్యము చివర మకుటము పూర్తిగా అచ్చువేయబడి యుండును. తరువాతి పద్యములలో మకుటపు తొలి అక్షరములు మాత్రమే యుండి, వాని ప్రక్కన రెండు నిలువు గీతలు కనబడును. చదువరి ఆ గీతలను చూచినంతనే మకుటమునంతయు నోట పలుకును. కీర్తనల పుస్తకములందును ఇట్లే. చరణము ముగిసిన చోట పల్లవిలోని మొదటి మాట మాత్రమే యుండును. గాయకుడు పల్లవినంతయు పాడును. భూమి క్రయ దస్తావేజులలో "సదరు భూమి", "సదరు ఆసామి" అను మాటలు పలుమారులు వచ్చుచుండును. ఊరు, పేరు, సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు ఒక్కసారి వ్రాసిన పిమ్మట "సదరు" అన్న చాలును. వ్రాయసకానికి శ్రమ తగ్గును, కాగితము మిగులును. అర్థమునకు మాత్రము లోపము రాదు.

ఈ మూడింటియందును ఒకే నియమము ఇమిడి యున్నది. ముందు చెప్పిన దానిని మరల చెప్పవలసి వచ్చినప్పుడు పూర్తిగా చెప్పక, గుర్తు చూపిన చాలును. అయితే ఆ గుర్తునకు అర్థము వ్రాసినవానికిని చదువువానికిని సమానముగా తెలిసి యుండవలెను. తెలియనివాని చేతిలో ఆ పుస్తకము పడినచో, మకుటమునకు బదులు అర్థములేని రెండు అక్షరములే మిగులును. నేడు ప్రపంచమంతటను కంప్యూటర్ల నడుమ సాగుచున్న ఉత్తర ప్రత్యుత్తరములలో అధిక భాగము ఈ నియమము పైననే ఆధారపడి యున్నది.

ఒక పల్లెలోని బాలిక చేతి ఫోనులో ఒక తెలుగు పత్రిక పుటను తెఱచినచో, ఆ పుట ఎచ్చటనో దూరముననున్న కంప్యూటరునుండి రావలసి యుండును. అడిగినవారికి పుటలను అందించు ఆ కంప్యూటరునకు సర్వరు అని పేరు. బాలిక చేతిలోని ఫోనునందుండి పుటను అడిగి తెచ్చి, చదువుటకు వీలుగా చూపు సాధనమునకు బ్రౌజరు అని పేరు. ఈ రెంటి నడుమ పుట యెంత బరువుగా నున్న అంత ఆలస్యము, అంత వ్యయము. ఇచ్చట బరువనగా బైట్ల సంఖ్య. సున్న గాని ఒకటి గాని యగు అంకెకు బిట్టు అని పేరు. ఎనిమిది బిట్లు ఒక బైటు.

ఈ బరువు తెలుగువారికి మఱింత ముఖ్యమైనది. నేడు వెబ్ పుటలు యూటీఎఫ్-8 అను పద్ధతిలో వ్రాయబడుచున్నవి. అందు ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగులోని ఒక్కొక్క గుర్తునకు మూడు బైట్లు కావలెను. అంతేకాదు, గుణింతపు గుర్తులును, ఒత్తును తెచ్చు విరామ చిహ్నమును వేర్వేరుగా లెక్కకు వచ్చును. "అమ్మ" అను మాటలో అకారము, మకారము, విరామము, మరల మకారము అని నాలుగు గుర్తులున్నవి. కావున 12 బైట్లు. అదే అర్థము గల ఇంగ్లీషు మాటకు 6 బైట్లే. "తెలుగు" అను మాటకు 18 బైట్లు పట్టును. మూట కట్టక పంపినచో తెలుగు చదువరి తన భాషలో చదువుచున్నందుకే ఎక్కువ కాలము వేచియుండవలసి వచ్చును. ఈ అన్యాయమును చాలవరకు తొలగించిన విద్యయే కుదింపు విద్య.

కుదింపు అనగా దూదిని బేలుగా అదుముట వంటిది కాదు. దూదిని అదిమినచో దాని నడుమ నున్న గాలి పోవును. వ్రాతలో గాలి లేదు, అందున్నది పునరుక్తి. పునరుక్తిని గుర్తించి దానికి చిన్న గుర్తును ఏర్పఱచుటయే కుదింపు. ఇందు రెండు ఉపాయములు కలవు.

మొదటి ఉపాయము తంతి తపాలా నాటిది. మోర్సు సంకేతములలో ఇంగ్లీషున మిక్కిలి తఱచుగా వచ్చు "ఇ" అను అక్షరమునకు ఒక్క చుక్కయు, "టి" అను దానికి ఒక్క గీతయు ఉండెను. అరుదుగా వచ్చు "క్యూ" అను అక్షరమునకు నాలుగు గుర్తులుండెను. తఱచుగా వచ్చుదానికి చిన్న గుర్తు, అరుదుగా వచ్చుదానికి పెద్ద గుర్తు అనుట ఇందలి సూత్రము. అయితే ఏ అక్షరమున కెంత గుర్తు నిచ్చిన మొత్తము సందేశము మిక్కిలి చిన్నదగును? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము చిరకాలము దొరకలేదు. 1948లో సమాచార సిద్ధాంతమును స్థాపించిన క్లాడ్ షానన్ గాని, ఆయనతో సమకాలికుడైన ఆచార్య రాబర్ట్ ఫానో గాని కనుగొన్న పద్ధతి దగ్గఱకు వచ్చినదే గాని సంపూర్ణము కాలేదు.

1951లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫానో ఈ విషయమును బోధించుచుండెను. ఆయన తన విద్యార్థులతో, చివరి పరీక్ష వ్రాయుడు, లేదా ఈ సమస్యపై ఒక వ్యాసము సమర్పింపుడు అని చెప్పెను. తానును షానన్‌ను ఆ సమస్యతో పెనుగులాడి పూర్తి ఫలితము పొందలేదన్న సంగతి మాత్రము చెప్పలేదు. ఆ తరగతిలో డేవిడ్ హఫ్‌మన్ అను యువకుడుండెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున నౌకాదళమున పనిచేసి వచ్చినవాడు. పరీక్ష తప్పునుగదా యని అతడు వ్యాసమును ఎంచుకొనెను.

నెలలు గడచినవి. హఫ్‌మన్ ఎన్నో మార్గములు త్రొక్కెను. ఏదియును ఇదియే ఉత్తమమని ఋజువు కాలేదు. తుదకు విసిగి, పరీక్షకే చదువుకొనుట మేలని నిశ్చయించి, వ్రాసికొన్న కాగితములను చెత్తబుట్టలో వేయబోవుచుండగా అతనికి మార్గము స్ఫురించెను. అంతవరకు పెద్దలు పై నుండి క్రిందికి, అనగా అక్షరములనన్నిటిని రెండు గుంపులుగా విడదీయుచు పోయిరి. హఫ్‌మన్ క్రింది నుండి పైకి వచ్చెను. అన్నిటికంటె అరుదైన రెండింటిని ముందు జత కలుపవలెను. ఆ జతను ఒక్కటిగా భావించి, మరల మిగిలినవానిలో అరుదైన రెండింటిని కలుపవలెను. ఇట్లు అన్నియు ఒక్కటియగు వఱకు పోవలెను.

దీనిని చిన్న ఉదాహరణముతో తెలిసికొనవచ్చును. ఒక సందేశమున 16 అక్షరములున్నవి. అందు "క" 8 మారులు, "మ" 4 మారులు, "ల" 2 మారులు, "న" 2 మారులు వచ్చినవి. నాలుగు అక్షరములకును సమానముగా రెండేసి బిట్లు ఇచ్చినచో మొత్తము 32 బిట్లు. హఫ్‌మన్ పద్ధతిలో ముందుగా "ల", "న" జతపడును. వాని మొత్తము 4. పిమ్మట ఆ జతతో "మ" కలియును, మొత్తము 8. చివరకు "క" కలియును. దీనిననుసరించి "క"కు 0, "మ"కు 10, "ల"కు 110, "న"కు 111 అను గుర్తులు ఏర్పడును. ఇప్పుడు లెక్క వేసినచో 8, 8, 6, 6 కలిసి 28 బిట్లే. ఇందు మఱియొక సొగసు కలదు. ఏ గుర్తును వేఱొక గుర్తునకు మొదటి భాగము కాదు. కావున గుర్తుల నడుమ ఖాళీ విడువకున్నను చదువువానికి తికమక కలుగదు.

హఫ్‌మన్ వ్యాసము 1952లో ప్రచురింపబడెను. గురువులకు అందని ఫలము శిష్యునికి అందినది. తన పద్ధతిపై ఆయన పేటెంటు హక్కును కోరలేదు. ఆయన 1999లో మరణించెను. నేడు వెబ్ పుటలందే గాక ఛాయాచిత్రములు దాచు జేపెగ్ పద్ధతియందును ఆ విద్యార్థి కనుగొన్న ఉపాయము పనిచేయుచున్నది.

రెండవ ఉపాయము "సదరు" వంటిది. ఇస్రాయేలు దేశమున హైఫా నగరమునందలి టెక్నియాన్ విద్యాసంస్థకు చెందిన జేకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ అను ఇద్దఱు ఆచార్యులు 1977లోను, 1978లోను దీనిని లోకమునకు వెల్లడించిరి. "రాముడు వచ్చెను, సోముడు వచ్చెను" అను వ్రాతను చూడగా, "ముడు వచ్చెను" అను భాగము రెండుమారులు వచ్చినది. రెండవమారు దానిని వ్రాయుటకు బదులు, "వెనుకకు 16 గుర్తులు పోయి, అచ్చటినుండి 12 గుర్తులు తీసికొనుము" అని రెండు సంఖ్యలు వ్రాసిన చాలును. యంత్రము దీనిని బైట్లలో లెక్కించును గనుక, 42 బైట్లు వెనుకకు పోయి 34 బైట్లు తీసికొనును. ఈ పద్ధతికి ముందుగా ఏ నిఘంటువును అక్కఱలేదు. చదువబడుచున్న వ్రాతయే తనకు తాను నిఘంటువగును. ఈ ఇద్దఱు ఆచార్యులును 2023లో స్వల్ప కాల వ్యవధిలో మరణించిరి.

ఈ రెండు ఉపాయములను కలిపి, ముందు "సదరు" పద్ధతిని పునరుక్తులను తొలగించి, మిగిలినదానికి హఫ్‌మన్ గుర్తులనిచ్చుట డిఫ్లేట్ అను పద్ధతి. దీనిని రూపొందించినవాడు ఫిల్ కాట్జ్ అను అమెరికా దేశస్థుడు. ఇందు వెనుకకు చూడగల దూరము 32,768 బైట్లు. ఒక్కమారు తీసికొనదగిన భాగము 3 బైట్లకు తక్కువ గాక, 258 బైట్లకు మించక యుండవలెను. 3 బైట్లనగా సరిగా ఒక తెలుగు గుర్తు. 258 బైట్లనగా 86 తెలుగు గుర్తులు.

ఆ కాలమున యూనిక్స్ యంత్రములందు కుదింపునకు వేఱొక సాధనము వాడుకలో నుండెను. అయితే అందలి పద్ధతిపై పేటెంటు హక్కు కలదు. దానిని వాడువారు రుసుము చెల్లింపవలసి వచ్చునేమో యను సందేహము వ్యాపించెను. అట్టి సమయమున ఫ్రాన్సు దేశీయుడు జాన్-లూ గయ్యీ, అమెరికా దేశీయుడు మార్క్ ఆడ్లర్ అను ఇద్దఱు కలిసి, పేటెంటు చిక్కు లేని డిఫ్లేట్ పద్ధతితో జీజిప్ అను సాధనమును నిర్మించి, 1992 అక్టోబరు 31న అందఱకును ఉచితముగా నిచ్చిరి. మూట కట్టు భాగమును గయ్యీయు, విప్పు భాగమును ఆడ్లర్‌ను వ్రాసిరి. ఆడ్లర్ తరువాతి కాలమున అంగారక గ్రహమునకు "స్పిరిట్" అను శకటమును పంపిన కార్యమునందును బాధ్యత వహించినవాడు. వారు ఆనాడు తమ సాధనమునకు వెల కట్టియుండినచో, చిన్న పాఠశాలలును, చిన్న పత్రికలును తమ పుటలను ఇంత సులభముగా పంపగలిగియుండెడివి కావు. 1996 మే నెలలో డిఫ్లేట్, జీజిప్ పద్ధతుల వివరణ పత్రములు బహిరంగముగా ప్రకటింపబడెను. నాటినుండి ఎవరైనను వానిని చదివి తమ సాధనములను తాము నిర్మించుకొనగలిగిరి.

మూట కట్టుట తెలిసిన మాత్రమున చాలదు. ఎదుటివానికి విప్పుట తెలియునో లేదో ముందుగా తెలిసికొనవలెను. సర్వరు, బ్రౌజరుల నడుమ సంభాషణకు హెచ్.టి.టి.పి. అను మర్యాద కలదు. 1996లోను, 1997లోను, 1999లోను ప్రకటింపబడిన దాని నిబంధనలలో ఈ విషయము స్పష్టముగా చెప్పబడెను. బ్రౌజరు పుటను అడుగునప్పుడు "యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్" అను ఒక పంక్తిని తన విన్నపమునకు చేర్చును. దానిని మనుష్య భాషలో చెప్పినచో ఇట్లుండును:

"అయ్యా, ఫలాని పుట కావలెను. జీజిప్, బ్రాట్లి అను రెండు విధముల మూటలను విప్పుట నాకు తెలియును."

సర్వరు ఆ రెంటిలో తనకు తెలిసినదానిని ఎంచుకొని, పుటను మూట కట్టి, మూటపై "కంటెంట్-ఎన్‌కోడింగ్" అను చీటిని అంటించి పంపును. దాని భావమిది:

"ఇదిగో పుట. లోపలనున్నది హెచ్.టి.ఎం.ఎల్. వ్రాత. దానిని జీజిప్ పద్ధతిని మూట కట్టితిని."

బ్రౌజరు చీటిని చదివి, మూట విప్పి, పుటను చూపును. బాలికకు ఈ మాటలేవియు వినబడవు. బ్రౌజరు ఆ పంక్తిని చేర్చనిచో సర్వరు మూట కట్టక, పుటను ఉన్నదున్నట్లుగా పంపుట మర్యాద. ఎదుటివాని శక్తిని అడుగక తన విద్యను ప్రదర్శించుట ఇచ్చట పనికిరాదు.

ఇందువలన కలుగు లాభమును ఒక లెక్కతో చూపవచ్చును. 1990ల నడుమ ఇండ్లలో వాడబడిన మోడెములు కొన్ని సెకనునకు 28,800 బిట్లు, అనగా 3,600 బైట్లు తెచ్చెడివి. 1,08,000 బైట్ల వ్రాత రావలెనన్న 30 సెకన్లు పట్టును. దానిని నాల్గవ వంతునకు కుదించినచో 27,000 బైట్లు, ఏడున్నర సెకన్లు. సాధారణముగా వ్రాతతో నిండిన పుటలు మూడవ వంతునకో, నాల్గవ వంతునకో తగ్గుట తఱచుగా జరుగు విషయము. నేటి మార్గములు ఎంతో వేగము గలవైనను, సంకేతము సరిగా అందని చోట, కొద్దిపాటి డేటాతో నెల గడుపుకొనువారి యింట ఆ లాభము నేటికిని తగ్గలేదు.

అయితే అన్నిటిని మూట కట్టుట వివేకము కాదు. జేపెగ్ చిత్రములు, పాటల ఫైళ్లు, చలనచిత్రములు ముందుగానే కుదింపబడి యుండును. అందు పునరుక్తి మిగిలియుండదు. వానిని మరల కుదింపబోయినచో యంత్రమునకు శ్రమయే గాని బరువు తగ్గదు. మిక్కిలి చిన్న ఫైళ్ల విషయమును అంతియే. జీజిప్ మూటకు ముందు కనీసము 10 బైట్ల శీర్షికయు, చివర 8 బైట్ల ముగింపును ఉండును. పది మాటల ఉత్తరమును దీనిలో పెట్టినచో సంచి బరువే ఎక్కువ కావచ్చును. ఆ చివరి 8 బైట్లలో ఒక సరిచూపు సంఖ్యయు, మూలపు వ్రాత పొడవును ఉండును. దారిలో ఒక్క బిట్టు మాఱినను, విప్పినవాడు లెక్క సరిచూచి లోపమును కనుగొనగలడు.

ఎంత గట్టిగా మూట కట్టవలెనను ప్రశ్నయు కలదు. జీజిప్‌నందు 1 మొదలు 9 వఱకు అంతస్తులు కలవు. 1లో పని త్వరగా ముగియును, మూట కొంచెము పెద్దది. 9లో మూట చిన్నది, కాలము ఎక్కువ. సాధారణముగా 6 వాడుకలో నున్నది. ఎన్నటికిని మాఱని ఫైళ్లను ముందుగానే తీరికగా గట్టిగా కట్టి ఉంచుకొని, అడిగినవారికెల్ల అదే మూటను అందించుట తెలివిగల సర్వరు పద్ధతి. క్షణక్షణము మాఱు పుటలను మాత్రము తేలికగా కట్టి వెంటనే పంపవలెను.

ఈ ఏర్పాటులో తప్పులు తఱచుగా చీటివలననే వచ్చును. మూట కట్టి చీటి అంటింపనిచో బ్రౌజరు దానిని విప్పక, ఉన్నదున్నట్లుగా తెఱపై చూపును. అప్పుడు పుటకు బదులు అర్థములేని గుర్తుల గుంపు కనబడును. మూట కట్టకయే చీటి అంటించినచో బ్రౌజరు విప్పబోయి, లోపల మూట లేనందున పుటనే చూపక దోషమని చెప్పును.

మఱియొక పొరపాటు కొంచెము సూక్ష్మమైనది. ఒక గ్రంథాలయము పాత పుస్తకముల ప్రతులను జీజిప్ మూటలుగా కట్టి, పేరు చివర "జీజడ్" అని చేర్చి, సర్వరునందు ఉంచినదనుకొనవచ్చును. చదువరికి కావలసినది ఆ మూటయే. ఇంటికి కొనిపోయి తీరికగా తానే విప్పుకొనును. సర్వరు దానిపై "ఇది ప్రయాణము కొఱకు కట్టిన మూట" అను చీటిని అంటించినచో, బ్రౌజరు దారిలోనే విప్పి, విప్పిన వ్రాతను "జీజడ్" అను పేరుతోనే దాచును. చదువరి దానిని విప్పబోగా, "ఇది మూట కాదు" అని సాధనము చెప్పును. పేరు చూచిన మూట. లోపల చూచిన వ్రాత. వస్తువు స్వభావమును చెప్పు చీటి వేఱు, దానిని దారి కొఱకు ఎట్లు కట్టితిమో చెప్పు చీటి వేఱు. ఈ భేదము తెలియనిచోటనే చిక్కు పుట్టును.

దారిలో మధ్యవర్తులున్నప్పుడు మఱియొక జాగ్రత్త కావలెను. సర్వరునకు బ్రౌజరునకు నడుమ, పుటల ప్రతులను దాచి ఉంచి అడిగినవారికి అందించు యంత్రములు కలవు. ఒకరి కొఱకు కట్టిన మూటను, విప్పుట తెలియని వేఱొకరికి ఆ యంత్రము ఇచ్చినచో ఆ రెండవవాడు నష్టపోవును. అందుచేత సర్వరు "వేరీ" అను చీటిని కూడ చేర్చును. "అడిగినవాని శక్తినిబట్టి ఈ పుట రూపము మాఱును, అందఱకును ఒకే ప్రతిని ఇయ్యకుము" అని దాని యర్థము.

మాట స్పష్టముగా లేనిచో ఎంత కీడు కలుగునో తెలుపుటకు డిఫ్లేట్ అను పేరే సాక్ష్యము. నిబంధనలలో ఆ పేరునకు అర్థము, డిఫ్లేట్ వ్రాతను జెడ్‌లిబ్ అను పలుచని తొడుగులో పెట్టి పంపుట. పేరును మాత్రమే చూచిన కొందఱు తొడుగు అక్కఱలేదని భావించి వట్టి వ్రాతను పంపిరి. ఒకే పేరునకు రెండు అర్థములు ఏర్పడెను. ఫలితముగా చాలమంది ఆ పద్ధతినే మాని జీజిప్‌ను పట్టుకొనిరి. పద్ధతి మంచిదే, పేరు చెడగొట్టెను.

కుదింపునందు అపాయములును లేకపోలేదు. కొలది బైట్ల మూట విప్పినంతనే కొండంత వ్రాతగా పెరుగునట్లు దుర్మార్గులు కట్టవచ్చును. కావున విప్పువాడు ఎంతవఱకు విప్పవలెనో హద్దు పెట్టుకొనవలెను. ఇంకను, 2013లో వెల్లడియైన బ్రీచ్ అను దాడియందు, రహస్య సంకేతమున్న పుటలో తాము ఊహించిన మాటను చేర్పించి, మూట బరువు తగ్గినదా లేదా యని చూచి రహస్యమును అక్షరాక్షరముగా పసిగట్టవచ్చునని తేలెను. ఊహ సరియైనచో పునరుక్తి ఏర్పడి మూట చిన్నదగును. లోపల చూడకయే, బరువు చూచి లోపలి సంగతి గ్రహించుటయే ఇందలి కుట్ర. అందుచేత రహస్యములున్న పుటలను పంపునప్పుడు విజ్ఞులు జాగ్రత్త వహింతురు.

ఈ విద్య ఇంకను వృద్ధి పొందుచున్నది. గూగుల్ సంస్థలో యిర్కి అలకుయియాల, జోల్తాన్ సబాద్కా అను వారు రూపొందించిన బ్రాట్లి పద్ధతికి 2016లో నిబంధన పత్రము వెలువడెను. స్విట్జర్లాండు దేశపు ఒక చిన్న రొట్టె పేరు దీనికి పెట్టబడెను. భారతదేశపు తంతి కార్యాలయములందు, 2013 జూలైలో ఆ తంతి సేవ ముగియువఱకు, శుభాకాంక్షల వాక్యములకు అంకెలు నియమింపబడి యుండెడివి. పంపువాడు అంకెను చెప్పిన, చేరిన చోట పూర్తి వాక్యము వ్రాయబడెడిది. బ్రాట్లియందును అట్టి పట్టికయే కలదు. వెబ్ పుటలలో తఱచుగా వచ్చు మాటలు 13,504 అందు ముందే చేర్చబడినవి. అందు ఇంగ్లీషు, స్పానిష్, చీనా, రష్యన్, అరబ్బీ, హిందీ భాషల మాటలున్నవి. యాన్ కోలే రూపొందించిన జడ్‌స్టాండర్డ్ పద్ధతి 2016లో వెలువడి, 2024 నాటికి కొన్ని ప్రముఖ బ్రౌజర్లలో చోటు సంపాదించెను. పాత జీజిప్ మాత్రము అన్ని చోట్లను తెలిసిన పెద్ద వలె నిలిచియున్నది.

తెలుగు వ్రాతకు ఈ మూటలు చేసిన మేలు ప్రత్యేకముగా చెప్పదగినది. తెలుగు గుర్తులన్నిటికిని మొదటి బైటు 224 అను సంఖ్యయే. రెండవ బైటు 176 గాని 177 గాని యగును. ఒక్క మూడవ బైటునందే అధిక భేదము కనబడును. అనగా ప్రతి మూడు బైట్లలో రెండు బైట్లు ముందే ఊహింపదగినవి. అన్నిటికంటె ఎక్కువ బరువు మోయుచున్న చోటనే పునరుక్తియు ఎక్కువగా నున్నది. దానిని కుదింపు సాధనము సులభముగా పట్టుకొనును. విభక్తి ప్రత్యయములు, క్రియల తుది భాగములు మాటిమాటికి వచ్చు తెలుగు వాక్య స్వభావము దీనికి తోడగును. కావున మూట కట్టి పంపినచో తెలుగు పుటకును ఇంగ్లీషు పుటకును నడుమనున్న అంతరము మిక్కిలి తగ్గిపోవును. పల్లెలోని బాలిక తన మాతృభాషలో చదువుకొన్నంత మాత్రమున మూడు రెట్లు వేచియుండవలసిన పని లేదు.

ఆ బాలికకు తెఱపై పుట కనబడిన ఆ క్షణమున, తన కాగితములను చెత్తబుట్టలో వేయకుండ ఆగిన ఒక విద్యార్థి ఓర్పును, తాము నిర్మించినదానిని వెల లేక లోకమునకిచ్చిన ఇద్దఱి ఔదార్యమును, తన శక్తిని దాచక చెప్పు బ్రౌజరు మాటయు, కట్టిన మూటపై ఉన్నదున్నట్లు వ్రాయు సర్వరు చీటియు కలిసి పనిచేసినవి. వీనిలో ఏ ఒక్కటి లోపించినను ఆమెకు కనబడునది అర్థములేని గుర్తుల గుంపే.

ప్రశ్నలు

1. శతకములలోని మకుటమునకును, దస్తావేజులలోని "సదరు" అను మాటకును, కుదింపు విద్యకును గల పోలికను వివరింపుము.
2. హఫ్‌మన్ తన గురువులకంటె భిన్నముగా అనుసరించిన మార్గమేది? పాఠములోని ఉదాహరణమును నీ మాటలలో వ్రాయుము.
3. "సీత పాడెను, గీత పాడెను" అను వ్రాతలో రెండవమారు వచ్చిన భాగమేది? ఎన్ని గుర్తులు వెనుకకు పోవలెనో లెక్కింపుము.
4. "స్వభావము చెప్పు చీటి", "మూట విధము చెప్పు చీటి" అను వానికి భేదమేమి? ఆ భేదము మఱచినచో కలుగు చిక్కేమి?
5. కుదింపరాని ఫైళ్లు ఏవి? ఎందుచేత?
6. తెలుగు వ్రాతకు కుదింపువలన విశేష లాభము కలుగుటకు కారణములు వ్రాయుము.